వాడుక విడదీసిన జంటలు

గిడుగు రామమూర్తి స్మారకోపన్యాసం



గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పేరున జరిగే సభలో ఇంగ్లీషు మాటల గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. 1863 ఆగస్టు 29న పుట్టి 1940 జనవరి 22న కన్నుమూసిన ఆయన జీవితం ధారపోసింది తెలుగు కోసం, సవర భాష కోసం. కానీ ఆయన మనకు అప్పగించి వెళ్ళిన పద్ధతి ఏ భాషకైనా పనికొస్తుంది. ఒక మాట ఒప్పో తప్పో తేల్చాలంటే ముందు సాక్ష్యం పోగుచెయ్యాలి, ఆ తర్వాతే సూత్రం చెప్పాలి: ఇదీ ఆ పద్ధతి. సవర భాషకు అప్పటికి నిఘంటువు లేదు. ఆయన సవరలను దగ్గర పెట్టుకుని, వాళ్ళ నోట మాట ఎలా నడుస్తోందో విని రాసుకున్నారు. ఆ శ్రమే 1931లో వ్యాకరణంగా, 1938లో నిఘంటువుగా అచ్చయింది. తెలుగు విషయంలోనూ అంతే. ‘గద్య చింతామణి’లో పాత వచనాన్ని సాక్ష్యంగా నిలబెట్టారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’లో గ్రాంథికమే రాయాలన్న పండితులు తామే దాన్ని తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని వాళ్ళ రాతల నుంచే చూపించారు. అదే పద్ధతిని ఈ రోజు మన పిల్లల్ని, పెద్దల్ని కూడా ఇబ్బంది పెడుతున్న ఒక సమస్యకు అన్వయించి చూద్దాం. చూడటానికి, వినడానికి ఒకేలా ఉండే రెండు ఇంగ్లీషు మాటల్లో ఏది ఎక్కడ వాడాలన్నదే ఆ సమస్య.

ఏ ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకం తెరిచినా చివర్లో ఒక పట్టిక కనిపిస్తుంది. ఎడమ వైపు ఒక మాట, కుడి వైపు దాని జంట, కింద ఒక్కో ముక్క అర్థం. అఫెక్ట్ పక్కన ఎఫెక్ట్, రైజ్ పక్కన రెయిజ్, అడ్వైస్ పక్కన అడ్వైజ్. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు ఈ పట్టికల్ని వందల కొద్దీ బట్టీపడతారు. పరీక్షలో ఖాళీ పూరిస్తారు. నెల తిరిగాక ఉత్తరం రాయాల్సి వస్తే మళ్ళీ అక్కడే తడబడతారు. ‘రెండూ తెలుసు, ఏది ఏదో మాత్రం గుర్తురాదు’ అనే మాట బడుల్లో, ఆఫీసుల్లో వింటూనే ఉంటాం. లోపం చదివేవాళ్ళ శ్రద్ధలో లేదు, పట్టికలో ఉంది. నేను నిరూపించదలుచుకున్నది ఒక్కటే. ఈ జంటల్ని విడదీసింది వాడుక. కాబట్టి వాడుకతోనే నేర్చుకోవాలి. ఒక్కో మాటనూ దాని సొంత వాక్యంలో, దాని ఇరుగుపొరుగుతో కలిపి నేర్చుకోవాలి తప్ప, జంటగా కట్టి అర్థాలతో నేర్చుకోకూడదు.

ముందు ఈ జంటలు ఎలా పుట్టాయో చూద్దాం. పువ్వుకూ గోధుమ పిండికీ ఇంగ్లీషులో ఉచ్చారణ ఒకటే, ఫ్లవర్. ఇవాళ రాతలో వేరుగా ఉన్నా ఒకప్పుడు అది ఒకే మాట. ధాన్యంలోని మేలిమి భాగాన్ని పువ్వుతో పోల్చి ఆ పేరు పెట్టారు. 1755లో శామ్యూల్ జాన్సన్ అచ్చువేసిన ప్రసిద్ధ నిఘంటువులో కూడా ఈ రెండర్థాలూ ఒకే స్పెల్లింగు కింద ఉన్నాయి. స్టేషనరీ సంగతీ ఇలాంటిదే. కదలకుండా ఉన్నదానికీ, కాగితాలూ కలాలకీ ఇంగ్లీషులో ఒకటే పలుకుబడి, స్పెల్లింగులో చివరి దగ్గర మాత్రం ఒకదానికి ‘ఎ’, మరొకదానికి ‘ఇ’. మధ్యయుగాల యూరపులో ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళలా కాకుండా, విశ్వవిద్యాలయాల దగ్గర ఒకే చోట కొట్టు పెట్టి పుస్తకాలు అమ్మేవాణ్ణి స్టేషనర్ అన్నారు. అంటే కదలనితనమే రెంటికీ మూలం. గుట్టుగా మసలడం అనే అర్థమున్న డిస్క్రీట్, విడివిడిగా ఉండటం అనే అర్థమున్న డిస్క్రీట్ ఒకే లాటిన్ మాట బిడ్డలు. అఫెక్ట్, ఎఫెక్ట్ రెండింటిలోనూ ‘చేయు’ అనే ఒకే లాటిన్ ధాతువు ఉంది, ముందు చేరిన ఉపసర్గలే వేరు. వీటిని విడదీసింది ఏ వ్యాకరణ కర్తా కాదు. రాసేవాళ్ళు, అచ్చువేసేవాళ్ళు తరాల తరబడి ఒక రూపాన్ని ఒక పనికి, రెండో రూపాన్ని ఇంకో పనికి అలవాటుగా వాడుతూ పోయారు. అందుకే మూలార్థం తవ్వుకుంటూ వెళ్ళినవాడికి తేడా దొరకదు. లోతుకు వెళ్ళేకొద్దీ రెండూ ఒకటైపోతాయి.

మూలాన్ని, ఉపసర్గను నమ్ముకున్నవాణ్ణి అవి మోసం చేసిన సందర్భం కూడా ఉంది. మన జాతీయ రహదారుల మీద పెట్రోలు ట్యాంకర్ల వెనక ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని ఎర్రటి అక్షరాలు కనిపిస్తాయి. బడిలో మనం ‘ఇన్’ అంటే ‘కాదు’ అని నేర్చుకుంటాం. ఇన్‌విజిబుల్ అంటే కనిపించనిది, ఇన్‌కంప్లీట్ అంటే పూర్తికానిది. ఆ లెక్కన ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిది కావాలి. కానీ ఈ ‘ఇన్’ వ్యతిరేకార్థంలోది కాదు. నిప్పు అంటించడం అనే లాటిన్ క్రియలో భాగం. ఫ్లేమబుల్ అన్నా ఇన్‌ఫ్లేమబుల్ అన్నా అర్థం ఒకటే, తేలిగ్గా నిప్పంటుకునేదని. ఈ పొరపాటుకు ఇంగ్లీషే మాతృభాష అయినవాళ్ళు కూడా అతీతులు కాలేదు. అందుకే 1920ల్లో అమెరికాలోని జాతీయ అగ్నిమాపక రక్షణ సంఘం హెచ్చరికల్లో ఫ్లేమబుల్ అనే వాడమని కోరింది. సూత్రం ప్రకారం చదివినవాడు ప్రమాదంలో పడితే, తప్పు చదివినవాడి మీద వేయకుండా మాటను మార్చారు. ఈ నిర్ణయంలో మనకు పెద్ద పాఠం ఉంది. తికమక మనిషి తెలివితక్కువతనం వల్ల పుట్టదు. మాటల అమరికలోంచే పుడుతుంది. కాబట్టి మందు కూడా అమరికలోనే వెతకాలి.

తెలుగువాళ్ళ తికమకలను ఈ కళ్ళతో చూస్తే వాటికో క్రమం కనిపిస్తుంది. తెలుగులో అప్పు అనేది ఒకటే. ఇస్తున్నామా, తీసుకుంటున్నామా అన్నది పక్కనున్న క్రియ చెబుతుంది. ఇంగ్లీషులో ఆ దిశ మాటలోనే ఇమిడి ఉంది. ఇచ్చేది లెండ్, తీసుకునేది బారో. మన గదిలో ఒకే గూడు ఉంటే వాళ్ళ గదిలో రెండున్నాయి, అందుకే అక్కడ తడబాటు. ‘చెప్పు’ అనే ఒక్క మాటకు సే, టెల్ అని రెండు. ‘చూడు’ అనే ఒక్క మాటకు సీ, లుక్, వాచ్ అని మూడు. ‘విను’కు హియర్, లిజన్. ఇప్పుడు ఎదురు సాక్ష్యం చూడండి. నేర్చుకోవడం, నేర్పడం మనకు విడివిడి మాటలు. అందువల్ల లెర్న్, టీచ్ దగ్గర తెలుగు పిల్లవాడు దాదాపు తడబడడు. కానీ ఇంగ్లండులోని కొన్ని మాండలికాల్లో నేర్పడానికీ లెర్న్ అనే వాడేవాళ్ళున్నారు. ఇంగ్లీషువాడు తెలుగు నేర్చుకుంటే మనం, మేము అన్న చోట తికమకపడతాడు. వాడికి రెండింటికీ వీ అనే ఒకే మాట. ఎదుటివాణ్ణి కలుపుకున్నామా, వదిలేశామా అనే తేడా అయిదేళ్ళ తెలుగు పిల్లకు పుట్టుకతో వచ్చినట్టుంటుంది, వాడికి మాత్రం ఏళ్ళు పడుతుంది. అంతమాత్రాన వాడు మందమతి అనం కదా! శబ్దాల్లోనూ ఇదే క్రమం. ఇంగ్లీషులో రెండు వేరు ధ్వనులున్న చోట మనకు ఒకే వకారం. పడమరకూ, చొక్కా లోపల తొడుక్కునేదానికీ మన లిపిలో ఒకే వెస్ట్. ఇలా ప్రతి తప్పూ రెండు భాషల సరిహద్దు గీత ఎక్కడుందో చూపించే గుర్తు. ఉపాధ్యాయుడు దాన్ని ఎర్ర సిరాతో కొట్టివేసే ముందు ఒకసారి చదవాలి.

ఒక జంటను దగ్గరగా తీసుకుని పరిశీలిద్దాం. అఫెక్ట్ అంటే ప్రభావితం చేయు, ఎఫెక్ట్ అంటే ప్రభావం అని పట్టిక చెబుతుంది. ‘ప్రభావితం చేయు’ అని తెలుగులో ఎంతమంది మాట్లాడతారు? ‘వాన పంట మీద ప్రభావం చూపింది’ అనే అంటాం. అంటే తెలుగులో ఆలోచించేటప్పుడు ముందు నామవాచకం వస్తుంది, తర్వాత ‘మీద’ వస్తుంది, చివర ఏదో ఒక క్రియ వచ్చి వాక్యం ముగిస్తుంది. ఆ వరస అలాగే ఇంగ్లీషులోకి దిగినప్పుడు ‘రెయిన్ అఫెక్టెడ్ ఆన్ ద క్రాప్’ అన్న వాక్యం పుడుతుంది. ఆ ‘ఆన్’ మన ‘మీద’. ఇంగ్లీషు అలవాటు వేరు. అఫెక్ట్ క్రియగా ఉన్నప్పుడు దేన్ని తాకిందో ఆ మాట వెంటనే వస్తుంది, మధ్యలో ఆన్ ఉండదు. ఎఫెక్ట్ నామవాచకంగా ఉన్నప్పుడు ముందు ‘యాన్’ గాని ‘ద’ గాని ఉంటుంది, వెనక ‘ఆన్’ వస్తుంది. మనం తప్పుగా చేర్చే ‘మీద’ సరిగా చూసుకుంటే దారి చూపే గుర్తుగా మారుతుంది. వెనక ఆన్ రావాలనిపిస్తే ముందు రాయాల్సింది ఎఫెక్ట్. ఇంకో సంగతి. మాత్ర పడక ఒళ్ళంతా దద్దుర్లు వస్తే ‘సైడ్ ఎఫెక్ట్’ అని పల్లెటూళ్ళోనూ అంటారు. ‘సైడ్ అఫెక్ట్’ అన్నవాళ్ళు కనబడరు. సినిమా గురించి మాట్లాడేవాళ్ళు ‘సౌండ్ ఎఫెక్ట్స్’ అంటారు. పట్టికను చూడకుండానే ఈ మాట ఎక్కడ కూర్చోవాలో జనానికి తెలిసింది. అర్థం వల్ల కాదు, తోడు వచ్చిన మాట వల్ల తెలిసింది. ఒక మాట స్వభావం దాని సావాసాన్ని బట్టి తెలుస్తుందని చెప్పిన భాషాశాస్త్రవేత్త జె.ఆర్.ఫర్త్ లండనులో ఆచార్యుడు కాకముందు లాహోరులో ఇంగ్లీషు పాఠం చెప్పినవాడే.

ఇక్కడ మొదటి ఆక్షేపణ వస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోలిస్తేనే కదా తేడా తెలిసేది, విడదీస్తే ఎలా తెలుస్తుంది? ఇది సహేతుకమైన ప్రశ్న. కానీ పోల్చడం వేరు, ఇంకా స్థిరపడని రెండు మాటల్ని ఒకేసారి నెత్తికెత్తడం వేరు. 1993లో థామస్ టింకమ్, 1997లో రాబర్ట్ వేరింగ్ కల్పిత పదాలతో చేసిన పరీక్షల్లో, ఒకే కోవకు చెందిన అర్థాలున్న మాటల్ని కలిపి నేర్చుకున్నప్పుడు సంబంధం లేని మాటల కన్నా ఎక్కువ శ్రమ పట్టిందని తేలింది. అర్థంలో దగ్గరితనమే ఇంత ఇబ్బంది పెడితే, రూపంలోనూ దగ్గరైన మాటల సంగతి చెప్పనక్కర్లేదు. మందుల ప్రపంచం చూడండి. కడుపులో ఆమ్లం తగ్గించే ఒక మందు అమెరికాలో మొదట లోసెక్ పేరుతో వచ్చింది. ఒంట్లో నీరు తగ్గించే లాసిక్స్‌తో అది తారుమారవుతోందని 1990లో పేరునే ప్రైలోసెక్‌గా మార్చారు. అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2001లో హైడ్రాలజీన్, హైడ్రాక్సిజీన్ వంటి జంటల్లో తేడా ఉన్న భాగాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చువేసే పద్ధతి సూచించింది. ఒకటి రక్తపోటు మందు, ఇంకోటి దురదల మందు. ఇలాంటి మందుల్ని ఒకే అరలో పక్కపక్కన పెట్టవద్దని ఆస్పత్రుల్లో జాగ్రత్త చెబుతారు. మందులు ఇచ్చేవాళ్ళు చదువుకున్నవాళ్ళు, అనుభవజ్ఞులు. అయినా వాళ్ళను మరింత జాగ్రత్తగా ఉండమని చెప్పి ఊరుకోలేదు, సీసాలు వేరే అరల్లో పెట్టారు. మన వ్యాకరణ పుస్తకం మాత్రం ఏరికోరి రెండు సీసాల్నీ ఒకే అరలో సర్దుతోంది. ముందు ఒకదాన్ని నెలో రెండు నెలలో వాక్యాల్లో నాననివ్వండి. అది సొంతమయ్యాక రెండోదాన్ని తెచ్చి పోల్చండి. అప్పుడు పోలిక మేలు చేస్తుంది.

రెండో ఆక్షేపణ: సందర్భాన్ని బట్టి అర్థం తెలిసిపోతుంది, ఇంత పట్టింపు దేనికి? చాలాచోట్ల అది నిజమే. స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఒక అక్షరం మారినంత మాత్రాన స్నేహం చెడదు. తెలుగులోనూ అర్థం, అర్ధం దగ్గర ఒక వత్తు తారుమారైనా వాక్యం మనల్ని కాపాడుతుంది. కానీ గ్రహం, గృహం తారుమారైతే కాపాడదు. ఆహూతుల్ని ఆహుతులని అచ్చువేస్తే పిలిచిన అతిథుల్ని హోమంలో వేసినట్టవుతుంది. ఇంగ్లీషులో ఎఫెక్ట్ క్రియగానూ ఉంది, తీసుకురావడమని దానికి అర్థం. ఒక సంస్థ మార్పుల్ని ఎఫెక్ట్ చేసిందంటే మార్పులు తెచ్చిందని. అఫెక్ట్ చేసిందంటే అప్పటికే జరుగుతున్న మార్పుల మీద దాని ప్రభావం పడిందని. రెండు వాక్యాలూ వ్యాకరణ రీత్యా శుభ్రంగా ఉంటాయి, రెండూ నమ్మదగినట్టే ఉంటాయి, సందర్భం ఏమీ చెప్పదు. అద్దె పత్రంలో లెసర్ అంటే ఇచ్చినవాడు, లెస్సీ అంటే పుచ్చుకున్నవాడు. ఒక్క మాట తారుమారైతే మరమ్మతు భారం ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తి మీదికి మారుతుంది. వైద్యుడి చీటీలో హైపర్ ఎక్కువని, హైపో తక్కువని చెప్తుంది. ‘బీపీ ఉంది’ అంటే చాలు ఎక్కువని అర్థం చేసుకునే మన ఇళ్ళల్లో ఆ రెండు అక్షరాలు ఎంత బరువు మోస్తున్నాయో గ్రహించాలి. కంప్యూటరు చూసుకుంటుందిలే అనడానికీ లేదు. తప్పు పడిన మాట కూడా నిఘంటువులో ఉన్న మాటే కాబట్టి సాధారణ స్పెల్‌చెక్ దాన్ని పట్టుకోదు.

మూడో ఆక్షేపణ అన్నిటికన్నా బలమైనది, పంతులుగారి పేరుతోనే రాగలిగినది. వాడుకే ప్రమాణమైతే, పది మంది తికమకపడి వాడేది కూడా వాడుకే కదా? దాన్ని తప్పనే హక్కు ఎవరిచ్చారు? దీనికి సమాధానం సాక్ష్యంలోనే ఉంది. ఇంగ్లీషులో లెక్కపెట్టగలిగినవాటికి ఫ్యూవర్, లెక్కపెట్టలేనివాటికి లెస్ వాడాలని ఒక నియమం. మనకు రెంటికీ ‘తక్కువ’ ఒకటే కాబట్టి మన పిల్లలకు అదో చిక్కు. కానీ తొమ్మిదో శతాబ్దంలో ఆల్‌ఫ్రెడ్ రాజు కాలం నుంచీ లెక్కపెట్టగలిగిన వాటికీ లెస్ వాడుతూనే వచ్చారు. 1770లో రాబర్ట్ బేకర్ అనే రచయిత ఫ్యూవర్ అయితే తనకు బాగుంటుందని అభిప్రాయం చెప్పాడు. ఆ అభిరుచే తర్వాతివాళ్ళ చేతిలో శాసనమైంది. 2008లో బ్రిటన్‌లోని టెస్కో దుకాణాలు పది వస్తువుల్లోపు కొన్నవాళ్ళ వరస దగ్గర ఈ తగాదా పడలేక ‘అప్ టు టెన్ ఐటమ్స్’ అని బోర్డు మార్చుకున్నాయి. ఇలాంటి చోట పిల్లవాణ్ణి దండించడం అన్యాయం. డిసింటరెస్టెడ్, అనింటరెస్టెడ్ కథ వేరు. పదిహేడో శతాబ్దంలో వాటి అర్థాలు ఇప్పటికి తలకిందులుగా ఉండేవి. డిసింటరెస్టెడ్ అంటే ఆసక్తి లేని, అనింటరెస్టెడ్ అంటే పక్షపాతం లేని అని. తర్వాత వాడుకే వాటిని అటూ ఇటూ మార్చింది. ఇవాళ జాగ్రత్తగా రాసేవాళ్ళు న్యాయమూర్తి డిసింటరెస్టెడ్‌గా ఉండాలంటారు, అంటే స్వప్రయోజనం లేకుండా ఉండాలని. ఆయన అనింటరెస్టెడ్ అయితే కక్షిదారుకు దిక్కేది? ఇక్కడ తేడాను కాపాడుతున్నది రాసేవాళ్ళ అవసరమే. పంతులుగారు ఎదిరించింది జీవం లేని రూపాన్ని జీవమున్న రూపం మీద రుద్దడాన్ని. జీవించి పనిచేస్తున్న తేడాను చెరిపివేయమని ఆయన ఎన్నడూ అనలేదు. కాబట్టి ప్రతి జంట దగ్గరా అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ తేడా నేడు రాసేవాళ్ళ చేతిలో పని చేస్తోందా, లేక ఎవరో ఒకరి ఇష్టం శాసనంగా నిలబడిందా? మొదటిదైతే పట్టుబట్టి నేర్పాలి. రెండోదైతే తెలిసి ఉంటే చాలు, దాని కోసం మార్కులు కోయకూడదు.

ఇక చేయవలసిందేమిటి? మన భాషే చేతికందించే సాయాన్ని ముందు వాడుకోవాలి. ధర పెరిగింది, ధర పెంచారు. ఈ రెండు వాక్యాల తేడా తెలియని తెలుగువాడు లేడు. పెరిగితే రైజ్, పెంచితే రెయిజ్. లేచేది రైజ్, లేపేది రెయిజ్. పడుకుంటే లై, పడుకోబెడితే లే. ఇంగ్లీషువాళ్ళే పొరబడే చోట తెలుగు పిల్లవాడికి నిండు-నింపు, మారు-మార్చు, తిరుగు-తిప్పు అనే బారులు తీరిన క్రియలు ఊతకర్రగా నిలుస్తాయి. తెలుగులో ఒకే గూడున్న చోట తోడుమాటను పట్టుకోవాలి. లెండ్ వెనక ‘టు’ వస్తుంది, బారో వెనక ‘ఫ్రమ్’ వస్తుంది. టెల్ వెనక మనిషి వెంటనే వస్తాడు, సే వెనక రావాలంటే ‘టు’ పట్టుకుని వస్తాడు. ప్రిన్సిపాల్ గారి గది తలుపు మీది బోర్డు రోజూ చూసే విద్యార్థికి ఆ స్పెల్లింగు మనిషికి చెందినదని వేరే చెప్పనక్కర్లేదు. వీధి చివర స్టేషనరీ షాపు బోర్డు కూడా పాఠమే, బోర్డు రాసినవాడు సరిగా రాస్తే. పాఠ్యపుస్తకాలు తయారుచేసేవాళ్ళకు నా విన్నపం ఇది: పట్టిక తీసేయండి. ఒక్కో మాటకు మూడేసి వాక్యాలివ్వండి, జంటలోని రెండోదాన్ని వేరే పాఠంలో, వేరే నెలలో ఇవ్వండి. 1958లో ఇంగ్లీషు బోధన కోసమే కేంద్ర సంస్థ నెలకొన్న నగరం మన హైదరాబాదు. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి నడిచే పిల్లవాడి అడుగు ఎక్కడ జారుతుందో నమోదు చేయడానికి ఇంతకన్నా తగిన చోటు లేదు.

1906 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉన్న జె.ఎ.యేట్స్ అనే ఇంగ్లీషువాడు, మీ బడుల్లో చెప్పే తెలుగు, బయట వినబడే తెలుగు వేరుగా ఎందుకున్నాయని అడిగాడు. ఆ ప్రశ్నను రామమూర్తి పంతులుగారు తేలిగ్గా తీసుకోలేదు. సూత్రాలు వల్లించి జవాబు చెప్పకుండా, మాటలు బతికే చోటికి వెళ్ళి చూశారు. మనకు వేరే భాషవాడి మాటలు నేర్చుకోవలసి వచ్చినప్పుడు కూడా అదే మర్యాద పాటించాలి. సవర ఇంటి మాటను ఆయన ఎంత ఓపికగా విన్నారో, ఇంగ్లీషు వాక్యాన్నీ అంతే ఓపికగా వినాలి. తరగతిలో అఫెక్ట్ అనాల్సిన చోట ఎఫెక్ట్ రాసిన పిల్లవాణ్ణి ‘ఎన్నిసార్లు చెప్పాలి’ అని కసురుకునే ముందు, ‘ఈ మాట పక్కన నువ్వు ఇంతకుముందు ఏ మాట చూశావు?’ అని అడుగుదాం. ఆ ప్రశ్నకు జవాబు వెతికే అలవాటు వాడికి అబ్బితే, ఇక ఏ జంట ఎదురైనా వాడికి పట్టికతో పని ఉండదు.